సింధూరి తల కొలత

మైలవరం,
9 జులై.

జాకీర్ గారికి,

‘గారు’ చూసి కంగారు పడకండి. ఆరో తరగతి నుంచి ‘ఒరేయ్’ అని పిలిచిన మనిషిని గారు అనాలంటే ఎంత కోపం రావాలో అంతా వచ్చింది.

ఫోన్ చేయకండి, మీ నంబరు బ్లాక్ చేశాను. ఫోన్లో అయితే మీరు ‘అది కాదు ఛాయా’ అంటూ మధ్యలో దూరతారు, నేను చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది. ఉత్తరమైతే చివరిదాకా చదవాల్సిందే.

మొన్న ఆదివారం పొద్దున మా సింధూరి సైకిల్ మీద నుంచి పడింది. మా వీధి మలుపులో కొత్తగా స్పీడ్ బ్రేకర్ వేశారు. దానికింకా తెల్ల గీతలు గీయలేదు, పిల్ల చూసుకోలేదు. ఎగిరి ముందుకు బోర్లా పడింది. తలకి హెల్మెట్ ఉంది. మీరు అమ్మిన హెల్మెట్. ఫిబ్రవరిలో పటమటలో మీ కొట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, మీ చేతులతో మీరే బిగించిన హెల్మెట్. పడేటప్పుడు అది కాస్తా వెనక్కి జారి మెడ మీదికి పోయింది. నుదురు వెళ్ళి రోడ్డుకి తగిలింది. కుడి కనుబొమ పైన తొమ్మిది కుట్లు. ఇంకాస్త కిందికి తగిలి ఉంటే కన్ను పోయేదని డాక్టరు గారు అన్నారు. ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు. నాకు మాత్రం అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

నేను పరిగెత్తుకెళ్ళి రక్తం తుడుస్తుంటే మీ హెల్మెట్ దాని వీపు మీద వేలాడుతోంది, స్కూలు బ్యాగులాగా. ‘ఇది పెట్టుకున్నాక పిల్ల గురించి నువ్వు మర్చిపోవచ్చు’ అన్నారు ఆ రోజు. నిజంగానే మర్చిపోయాను. మిమ్మల్ని నమ్మి మర్చిపోయాను.

మా ఆయన సైకిల్‌కి గొలుసేసి పెరటి కిటికీ ఊచకి కట్టేశారు. మా అత్తగారు వెంకటరత్నమ్మ గారు ఆ తాళంచెవి కొంగున ముడేసుకున్నారు. నవంబరులో జిల్లా పోటీలు ఉన్నాయి. పిల్ల ఏడాదిగా వాటి కోసమే పొద్దున్నే లేచి మామిడితోటల దాకా తొక్కి వస్తోంది. అదంతా ఇక అయిపోయినట్టే. ఇంట్లో సైకిల్ మాట ఎత్తేవాళ్ళు లేరు. సింధూరి కూడా ఎత్తడం లేదు. పదమూడేళ్ళ పిల్ల, తన సైకిల్‌కి తాళం వేస్తుంటే ఏడవలేదు, అడగలేదు. గదిలో కూర్చుని గోడ చూస్తోంది.

మీ కొట్లో గోడకి హెల్మెట్ పెట్టుకున్న సింధూరి ఫొటో అంటించారు కదా, అది తీసేయండి. మా స్కూలు ఆడపిల్లలకి మీ దగ్గరే హెల్మెట్లు తీసుకుందామని హెడ్మాస్టరు గారికి నేనే చెప్పాను. వద్దని కూడా నేనే చెప్పేశాను. కారణం అడిగితే దాచకుండా చెప్పాను.

ఇట్లు,
ఛాయాదేవి,
లెక్కల టీచరు.


పటమట, విజయవాడ,
13 జులై.

లెక్కల టీచరు ఛాయాదేవి మేడమ్ గారికి,

మీరు గారు అంటే నేను మేడమ్ అనాలి కదా. ఆ మర్యాద ఇంతటితో సరి. మీరు మీరు అని రాస్తూ కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు. ఇక్కడి నుంచి మామూలుగా రాస్తాను.

ముందు పిల్ల ఎలా ఉందో రాయి. మా ఆవిడ అన్వరీ విన్నప్పటి నుంచి బస్సెక్కుతానంటోంది. ‘వెళ్తే ఆ మనిషి మొహం మీద తలుపేస్తుంది, ఆగు’ అన్నాను. వేస్తావా వేయవా? నిజం చెప్పు.

ఇక నా సంగతి. నాకు హెల్మెట్ బిగించడం రాదన్నావు. పైగా ఆ మాట మీ హెడ్మాస్టరుకి కూడా చెప్పావు. నీకు హెచ్చవేతలు రావని నేను మీ స్కూలు గేటు దగ్గర నిలబడి చెప్తే ఎలా ఉంటుంది? మా నాన్న ఖయ్యూమ్ పెట్టిన కొట్టు ఇది. నువ్వు సైకిల్ నేర్చుకున్నది ఈ కొట్టు అద్దె సైకిల్ మీద. వెనక క్యారియర్ పట్టుకుని పటమట సందుల్లో పరిగెత్తింది నేను. ఒక్కసారైనా నిన్ను పడనిచ్చానా?

సింధూరికి ఎలా బిగించానో విను. నువ్వు పక్కనే ఉన్నావు కానీ ఫోన్లో ఎవరితోనో ప్రశ్నపత్రాల గురించి మాట్లాడుతున్నావు, నాకు గుర్తుంది. హెల్మెట్ ముందు అంచుకీ కనుబొమలకీ మధ్య రెండు వేళ్ళు పట్టాలి. రెండే పట్టాయి. నుదురు బోడిగా వదిలేసి వెనక్కి నెట్టి పెట్టుకునేవాళ్ళని రోడ్డు మీద చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది, అలాంటిది నా కొట్లో జరగనిస్తానా? చెవికి ముందొకటీ వెనకొకటీ వచ్చే పట్టీలు చెవి తమ్మె కింద కలవాలి. కలిశాయి. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరాలి, రెండో వేలికి ఇబ్బంది కావాలి. అయింది. వెనకున్న చిన్న చక్రం తిప్పి తల చుట్టూ బిగించాను. ఆ బిగింపు మళ్ళీ కదలకుండా నా పద్ధతిలో గట్టి చేశాను. తల వంచి అటూ ఇటూ ఊపమన్నాను, హెల్మెట్ కదల్లేదు. పెద్దగా ఆవులించమన్నాను. నోరు తెరిచినప్పుడు పట్టీ లాగి హెల్మెట్ నెత్తి మీదికి దిగాలి. దిగింది. ‘మామయ్యా, సింహంలా ఉన్నానా?’ అని అడిగింది. ఫొటో తీసింది అప్పుడే.

అలా బిగించింది మెడ మీదికి జారదు ఛాయా. జారిందంటే తర్వాత ఎవరో వదులు చేశారు. మీ ఇంట్లో ఎవరు చేశారో కనుక్కో. ఆ హెల్మెట్ నాకు పంపు, చూసి చెప్తాను.

ఫొటో తీయను.

జాకీర్.


మైలవరం,
18 జులై.

జాకీర్,

గారు తీసేశాను. దగ్గరితనం పెరిగిందనుకోకు, మర్యాద ఇంకా తగ్గింది.

మా ఇంట్లో ఎవరో వదులు చేశారా? ఎవరు? మా ఆయనకి తన స్కూటర్ హెల్మెట్ పట్టీ పెట్టుకోవడమే రాదు. మా అత్తగారు దాన్ని ప్లాస్టిక్ బుట్ట అంటారు, ముట్టుకోరు. నేను దాని జోలికే పోలేదు. నువ్వు బిగించిన పట్టీలు నువ్వు బిగించిన చోటే ఉన్నాయి. ఫిబ్రవరిలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఎదురు మా మీదికే నెట్టాలని చూస్తున్నావు. చిన్నప్పుడు కూడా అంతే. సోషల్ మాస్టారి కుర్చీ విరగ్గొట్టింది నువ్వు, గోడ కుర్చీ వేసింది నేను.

కుట్లు విప్పారు. మచ్చ పడుతుంది. కనీసం జుట్టున్నా ముందుకు దువ్వి కప్పేదాన్ని. మే నెలలో తిరుపతి వెళ్ళొచ్చాం కదా. పోయినేడు పిల్లకి డెంగీ వచ్చినప్పుడు మా అత్తగారు మొక్కుకున్నారు, గండం గడిస్తే దాని తలనీలాలు ఇస్తానని. నడుం దాకా ఉండే జుట్టు ఇచ్చేసి వచ్చాం. జూన్లో స్కూలు తెరిస్తే పిల్లలు గుండు గుండు అని ఏడిపించారు. అది హెల్మెట్ తీయకుండానే క్లాసులోకి వచ్చి కూర్చునేది. నేనే రెండుసార్లు ‘తియ్యవే, పాఠం వినపడుతుందా’ అని కసిరాను. ఇప్పుడు దాచుకోవడానికి ఆ హెల్మెట్ కూడా లేదు. అంగుళం జుట్టు, దాని కింద అంత మచ్చ. ఇదంతా ఎవరి వల్ల?

హెల్మెట్ బస్సు పార్సిల్లో పంపుతున్నాను. దాన్ని ఇంట్లో చూడలేకపోతున్నాను కాబట్టి పంపుతున్నాను, నువ్వడిగావని కాదు. అన్వరీని రమ్మను. నువ్వు రాకు.

ఛాయాదేవి.


పటమట,
26 జులై.

ఛాయా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కొట్టు షట్టరు సగం దించి మరీ చదివాను, ఎవరైనా వస్తే వాళ్ళ మీద అరుస్తానేమోనని.

నడుం దాకా ఉండే జుట్టు అని నువ్వే రాశావు. నేను కొలిచింది ఆ తలని. స్కూలు నుంచి సరాసరి వచ్చిన తల. రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టుకుని, నెత్తి మీద నూనె పెట్టిన ఒత్తయిన జుట్టుతో ఉన్న తల. ఆ జుట్టుకీ హెల్మెట్‌కీ మధ్య గాలి కూడా దూరకుండా బిగించాను. నువ్వు మే నెలలో ఆ జుట్టంతా తీయించేశావు. తీయించాక కూడా ఆ హెల్మెట్ ‘అచ్చం అలాగే ఉంది’ అని నాకే రాస్తున్నావు. దాన్ని నా మీద పెట్టాల్సిన నేరంలా రాస్తున్నావు!

మొక్కు మాట నేను ఎత్తను. అది మీ ఇంటి సంగతి, తప్పని ఎవడైనా అంటే వాడితో నేనే గొడవ పెట్టుకుంటాను. జుబియా పుట్టకముందు అన్వరీ మొక్కని దర్గా లేదు. నేనడిగేది ఒక్కటే. తిరుపతి నుంచి దిగాక పిల్ల నెత్తిన హెల్మెట్ పెట్టి ఒక్కసారి తల ఊపించావా? మే, జూన్, జులై. లెక్కల టీచరువి. జుట్టు తీసేస్తే ఎంత మిగులుతుందో ఆ తీసివేత ఒక్కటి చేయలేకపోయావా?

మా జుబియా రోజూ కాలేజీకి సైకిల్ మీదే పోతుంది. స్కార్ఫ్ కట్టుకుంటుంది కదా, మందం స్కార్ఫ్ కడితే దానికి ఒక హెల్మెట్, పల్చటిది కడితే ఇంకొకటి. రెండూ గోడకి మేకులకి ఉంటాయి. గుడ్డ మందం మారితేనే నేను ఊరుకోను. నువ్వు నడుం దాకా జుట్టు పోతే ఊరుకున్నావు.

పార్సిల్ విప్పి హెల్మెట్ చూశాను. నా బిగింపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు, అది ముందు రాసుకో. తర్వాత లోపల చూశాను. గిన్నెలు తోమే స్పాంజి, పసుపుపచ్చది. రెండు ముక్కలు కోసి, ఒకటి నుదుటి దగ్గర, ఒకటి వెనక పెట్టి, పుస్తకాల అట్టలకి వేసే టేపుతో అంటించి ఉన్నాయి. వంకరటింకరగా కోసింది. పెద్దవాళ్ళ చేతిపని కాదు.

అంటే వదులుగా ఉందని ఆ పిల్లకి తెలుసు. తెలిసి తన చేతనైనది చేసుకుంది. ఇంత తెలిసిన పిల్ల ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఉంటుందా ఛాయా? ఎవరికి చెప్పింది? వాళ్ళేమన్నారు?

జాకీర్.


మైలవరం,
31 జులై.

జాకీర్,

నా కూతుర్ని నేనెలా చూసుకోవాలో పటమటలో కూర్చుని నువ్వు చెప్పక్కర్లేదు. ఆ స్పాంజి ముక్కల సంగతి ఇంకెవరి దగ్గరైనా ఎత్తావంటే మర్యాదగా ఉండదు. అన్వరీకి కూడా చెప్పకు.

తీసివేతలు నాకు నేర్పుతున్నావు. సరే, నీకూ ఒక ప్రశ్న. హెల్మెట్ వచ్చిన అట్టపెట్టె మీద బొమ్మలేసి మరీ రాసి ఉంది, వదులైతే వెనక చక్రం తిప్పి బిగించుకోవచ్చని. అది ఎందుకు తిరగలేదు? పిల్ల రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి తిప్పినా రాలేదు. బొటనవేలు ఒరుసుకుపోయింది తప్ప అది కదల్లేదు. తిరగాల్సిన చక్రం తిరగని హెల్మెట్ ఇచ్చి, నన్ను బోనులో నిలబెట్టి అడుగుతున్నావా, ఎవరికి చెప్పింది, ఏమన్నారు అని?

ముందు దీనికి జవాబు చెప్పు. చెప్పలేకపోతే ఇంక రాయకు. హెల్మెట్ తిరిగి పంపేయ్.

ఛాయాదేవి.


పటమట,
24 ఆగస్టు.

ఛాయా,

నీకు రాసి నెల కావస్తోంది. జవాబు లేక కాదు. నీ ఉత్తరం వచ్చిన పూటే జవాబు దొరికింది. రాయడానికి చెయ్యి రాలేదు.

చక్రం తిరగకపోవడానికి కారణం నేను. బిగించాక దాని పళ్ళ మధ్య ఒక చుక్క జిగురు వేశాను. పట్టీలు సర్దే ప్లాస్టిక్ బిళ్ళల మీద కూడా తలా ఒక చుక్క. సింధూరి హెల్మెట్‌కే కాదు, ఈ మూడేళ్ళలో నేను అమ్మిన ప్రతి పిల్లల హెల్మెట్‌కీ వేశాను. ‘నా పద్ధతిలో గట్టి చేశాను’ అని నీకు గొప్పగా రాసింది దాని గురించే.

మా నాన్న నీకు గుర్తున్నాడు కదా. సైకిల్ చక్రం నట్టు బిగించాక దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టేవాడు. ఆ చుక్క చెదరలేదంటే ఖయ్యూమ్ బిగింపు అలాగే ఉన్నట్టు, చెదిరిందంటే ఇంకెవరో చెయ్యి పెట్టినట్టు. ఊరంతా ఆ చుక్కని నమ్మేది. నేను రంగు బదులు జిగురు పెట్టాను. పిల్లలు చక్రాన్ని గిరగిరా తిప్పి ఆడి వదులు చేస్తారని, తల్లులు చేతకాక పాడు చేస్తారని, నేను బిగించింది నేను బిగించినట్టే ఉండాలని. నా తెలివికి నేనే మురిసిపోయాను. నీ పార్సిల్ విప్పిన రోజు ఆ జిగురు చెక్కుచెదరకుండా ఉండటం చూసి గర్వపడ్డాను ఛాయా. వెంట్రుకవాసి కదల్లేదని నీకు రాశాను కదా, ఆ గర్వంతోనే రాశాను. పక్కనే ఆ స్పాంజి ముక్కలు పెట్టుకుని గర్వపడ్డాను. ఆ పిల్ల అది తిప్పబోయి, తిరక్క, వేలు ఒరుసుకుపోయాక వంటింట్లోకి వెళ్ళి స్పాంజి వెతుక్కుందని నాకు తట్టనే లేదు.

జుబియాకి చెప్పాను. ‘నట్టు పెరగదు, పిల్లల తల పెరుగుతుంది కదా, ఆ మాత్రం తోచలేదా?’ అంది. అని లోపలికి వెళ్ళిపోయింది. దాని రెండు హెల్మెట్లకీ జిగురు లేదు మరి. ఇంటి పిల్ల కాబట్టి రోజూ సర్దుకోవాలని వదిలేశాను. ఊళ్ళో పిల్లలకి మాత్రం అతికించి పంపాను. ఇది తలుచుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తోంది.

ఈ ఇరవై రోజులూ కొట్టు మధ్యాహ్నం దాకా తెరవలేదు. అమ్మిన ఇళ్ళన్నీ తిరుగుతున్నాను. కొందరి ఫోన్ నంబర్లున్నాయి, కొందరి వీధులే గుర్తున్నాయి. ఇంటికి వెళ్ళి, పిల్లని పిలిచి, ఆ జిగురు గీకి చక్రం తిరిగేలా చేసి, ఇప్పుడున్న తలకి బిగించి, ఎలా తిప్పాలో పిల్ల చేతే తిప్పించి వస్తున్నాను. మొన్న హనుమాన్ జంక్షన్లో సాత్విక్ అనే పిల్లాడింటికి వెళ్ళాను. వాడికి మరీ బిగుతైపోయి, నొప్పి పుట్టి, హెల్మెట్ అటక మీద పెట్టేసి ఉత్త తలతో హైవే పక్కన తొక్కుతున్నాడు. వాళ్ళమ్మ నాకు టీ ఇచ్చింది. అది తాగడానికి సిగ్గేసింది. ఇంకా చాలా ఇళ్ళున్నాయి.

ఫొటో తీసేశాను. ఆ మేకుకే సింధూరి హెల్మెట్ తగిలించాను, స్పాంజి ముక్కలతో సహా, అందరికీ కనపడేలా. ఎందుకని అడిగినవాళ్ళకి చెప్తున్నాను, పిల్ల పేరు చెప్పకుండా. అది తిరిగి పంపను. అంచు చిట్లింది. ఒకసారి దెబ్బ తిన్నది మళ్ళీ తలకి పనికిరాదు.

నా తప్పు ఇది. మొత్తం రాశాను, ఒక్క ముక్క దాచలేదు. ఇప్పుడు నువ్వు. చక్రం తిరగలేదని, పిల్ల రెండు చేతులా తిప్పిందని, బొటనవేలు ఒరుసుకుపోయిందని నీకెలా తెలుసు? పిల్ల చెప్పబట్టే కదా. ఎప్పుడు చెప్పింది ఛాయా? పడ్డాకా, పడకముందా?

జాకీర్.


మైలవరం,
19 సెప్టెంబరు.

ఒరేయ్ జాకీర్,

పడకముందే చెప్పింది.

ఒకసారి కాదు, మూడుసార్లు. మొదటిసారి తిరుపతి నుంచి వచ్చిన వారానికి. ‘అమ్మా, హెల్మెట్ వదులైపోయింది’ అంది. సరేలే చూద్దాం అన్నాను. రెండోసారి జూన్లో, నేను యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుంటే వచ్చి వేలు చూపించింది, తిప్పితే రావట్లేదని. ఆయింట్మెంట్ రాసుకోమన్నాను, తల ఎత్తకుండా. మూడోసారి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి అడిగింది, ‘శనివారం జాకీర్ మామయ్య దగ్గరికి వెళ్దామా’ అని. అప్పుడేమన్నానో తెలుసా? ‘జుట్టు వచ్చాక అదే సరిపోతుందిలేవే’ అన్నాను. పక్కన ఉన్న టీచర్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మనకి ఇది అలవాటే కదరా. యూనిఫాం రెండేళ్ళు రావాలని పెద్దగా కుట్టించి కింద మడత వేయిస్తాం. చెప్పులు ఒక సైజు పెద్దవి కొని ముందు దూది కుక్కుతాం. పెరిగే పిల్ల, అదే సరిపోతుంది. నా పిల్ల తలని కూడా గౌను కింద లెక్కేశాను. జుట్టు రావడానికి ఏడాది పడుతుందని తెలుసు. ఆ ఏడాది లోపు పడకూడదని ఎవరికి చెప్పి పెట్టుకున్నానో తెలియదు.

అదీ కాక జూన్లో గిన్నెలు తోమే కొత్త స్పాంజి ఏమైందని ఇల్లంతా అరిచాను. పనిమనిషి అమలమ్మని కూడా అన్నాను. సింధూరి పక్కనే నిలబడి వింది.

నీ మీద అంత ఎగిరానెందుకో నీకిప్పుడు అర్థమై ఉంటుంది. హాస్పిటల్లో కుట్లు వేస్తుంటే నా చెవిలో నా మాటే మోగింది. అది వినపడకుండా ఉండాలంటే ఇంకెవరినో తిట్టాలి. నువ్వు దొరికావు. అలాగని నీ మీద కోపం పోయిందనుకోకు. జిగురేమిట్రా బుద్ధుందా? మీ నాన్న ఉండుంటే ఆ జిగురు డబ్బా నీ నెత్తిన బోర్లించేవాడు. నా మీద నాకున్నది వేరే, నీ మీద ఉన్నది వేరే. ఒకటి రెండోదాన్ని తగ్గించదు.

నీ ఉత్తరం బీరువాలో పెట్టి మూడు వారాలు తిరిగాను. చివరికి పోయిన ఆదివారం సింధూరి పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. నీవన్నీ చదివాను, నేను రాసినవి నోటితో చెప్పాను. స్పాంజి సంగతి దగ్గరికి రాగానే దాని మొహం పాలిపోయింది. ‘మామయ్యకి తెలిసిపోయిందా?’ అంది. తెలిస్తే ఏమే అన్నాను. అప్పుడు చెప్పిందిరా. పడ్డ రోజు నుంచి అది ఏమనుకుంటోందో తెలుసా? స్పాంజి పెట్టడం వల్లే హెల్మెట్ జారిందని. తనే కోసి, తనే అంటించి, తనే పాడు చేసిందని. మనమిద్దరం ఇక్కడొకరూ అక్కడొకరూ నిలబడి తిట్టుకుంటుంటే, తప్పంతా తనదే అనుకుని, బయటపడితే ఇంకా తిడతామని నోరు మూసుకుని కూర్చుంది. సైకిల్‌కి తాళం వేసినా అందుకే అడగలేదు.

‘నీ తప్పు కాదమ్మా, నువ్వు మూడుసార్లు చెప్పావు, నేనే వినలేదు’ అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టింది. ‘చెప్పాను కదా! మూడుసార్లు చెప్పాను కదా!’ అని అరిచింది. నా కూతురు అలా అరవగా నేనెప్పుడూ వినలేదు. చప్పుడుకి మా అత్తగారు వచ్చారు. ఆవిడనీ వదల్లేదు. ‘జుట్టు తీయించేటప్పుడు నన్నడగలేదు, తాళం వేసేటప్పుడూ అడగలేదు, ఇంట్లో ఎవరూ నన్నేమీ అడగరు’ అంది. మా ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. నోరు మూసుకోమని ఎవరమూ అనలేదు. అనడానికి ఏ మొహం ఉంది?

దీపం పెట్టే వేళకి మా అత్తగారు కొంగు ముడి విప్పి, తాళంచెవి సింధూరి పుస్తకాల మీద పెట్టి వెళ్ళారు. పోటీలకి ఇంకా టైముంది కదా అని మాత్రం అన్నారు. పిల్ల మర్నాడు గొలుసు తీసి, సైకిల్ తుడిచి, గాలి కొట్టింది. ఎక్కలేదు. హెల్మెట్ లేకుండా ఎక్కనంది.

శనివారం వస్తున్నాం, దసరా రద్దీ మొదలవకముందే. మా ఆయన కూడా వస్తున్నారు. జుట్టు ఇప్పుడు వేలెడు పెరిగింది. ఈ తలకి బిగించు. నెల తర్వాత మళ్ళీ వస్తాం, అప్పటి తలకి బిగించు. ఆ చక్రం తిప్పడం నాకూ నేర్పు. నేను ఫోన్ తీస్తే లాక్కుని గల్లాపెట్టెలో పడేయ్. జిగురు డబ్బా కళ్ళకి కనపడిందా, అక్కడే రోడ్డు మీద పారబోస్తాను. మా హెడ్మాస్టరు గారితో మాట్లాడాను, మా స్కూలుకి నువ్వే రావాలి. ప్రతి పిల్లకీ విడిగా కొలిచి, వాళ్ళ చేతే తిప్పించాలి. నీ నంబరు అన్‌బ్లాక్ చేశాను, కానీ ఫోన్ చేయకు. నీ గొంతు వింటే మళ్ళీ కోపం వస్తుంది.

కింద సింధూరి ఏదో రాస్తానంటోంది. చూడొద్దంది, చూడకుండా అంటిస్తున్నాను.

ఛాయ.

జాకీర్ మామయ్యా,

నాకు అమ్మ మీదా మీ మీదా ఇంకా కోపంగానే ఉంది. శనివారం వస్తాను. మీ వేళ్ళు పెట్టి చూసుకోండి, తల ఊపమంటే ఊపుతాను, ఆవులించమంటే ఆవులిస్తాను. అన్నీ అయ్యాక, వదులుగా ఉందో లేదో నన్ను కూడా అడగండి. చెప్తే వినండి.

సింధూరి.